అందరూ నవ్విన మా పెద్దమ్మ

కొన్నేళ్ళుగా ఒక సంగతి లోపల మోస్తున్నాను. అన్నం తింటున్నా ఉంటుంది, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఉంటుంది. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. గ్యాస్ బండ కోసం ఫోన్ చేసిన ఒక ముసలావిడ, ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే రికార్డు గొంతుని నిజం అమ్మాయనుకుంటుంది. “నానేటి సెప్తన్నానో ఇనవేటే? నీ పాట నువ్వు పాడతన్నావు!” అని కసురుతుంది. ఆ గొంతు మళ్ళీ మొదటినుంచి అందుకునేసరికి జాలిపడిపోయి, “గొంతెండిపోనాది గావాల, కాసిన్ని నీలు తాగమ్మా” అంటుంది. అందరూ నవ్వేది అక్కడే.

ఆవిడ మా పెద్దమ్మ. మా అమ్మకి సొంత అక్క. నౌపడ దగ్గర మా ఊరినుంచి చేపల గంపతో కోటబొమ్మాళి వెళ్ళి బజారులో అమ్మేది.

తీసింది నేను. సెలవు పెట్టి ఊరెళ్ళినప్పుడు, ఆవిడ వెనకాల కూర్చుని తీశాను. పెద్దమ్మ కోడలు, అంటే మా వదిన, పొయ్యి దగ్గరుంది. ఇద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. వదిన అడిగితే తన ఫోన్‌కీ పంపాను. ఆ నవ్వులో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటాను. మరి అక్కడితో ఎందుకు ఆగలేదు?

విశాఖపట్నంలో ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తి మాట్లాడటం నా ఉద్యోగం. చేరిన కొత్తలో ఒక కాల్‌లో “ఏటండీ?” అనేశాను. ఆ కాల్‌ని అందరి ముందూ వినిపించారు. పడీపడీ నవ్వారు. ఏడుపు ఆపుకోవడానికి నేనూ నవ్వాను. ఆ తర్వాత మా ఊరి మాట నోటినుంచి జారకుండా కాపలా కాసుకున్నాను. పెద్దమ్మ వీడియో ముందు ఆఫీసు గ్రూపులోనే పెట్టాను. ఎవరీవిడ అని అడిగారు. “మా ఊరివైపు ఎవరో” అన్నాను. ఎవరో! జ్వరమొస్తే పక్కలో పడుకోబెట్టుకున్న మనిషిని పట్టుకుని ఎవరో అన్నాను. కానీ మొదటిసారి ఆ నవ్వు నా మీద కాదు, నేను కూడా నవ్వేవాళ్ళలో ఉన్నాను. అది ఎంత హాయిగా ఉందో చెప్పడానికి సిగ్గేస్తోంది. ఇంకా కావాలనిపించింది. పేరు లేకుండా ఒక అకౌంటు తెరిచి లోకానికంతా పెట్టేశాను. ఇలాంటివి ఎందుకు పెడతారంటే సరదాకి అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. సరదాకే అయితే నా పేరు ఎందుకు దాచుకున్నాను?

పెట్టేముందు చివర ఒక ముక్క కోసేశాను. నీళ్ళు తాగమన్నాక పెద్దమ్మ ఇంకో మాట అంది. “మా పిల్ల గూడా పట్నంలో ఇదే పని సేస్తాదమ్మా, దానికీ ఇలాగే గొంతెండిపోతాది.” అది ఉంటే దొరికిపోతానని తీసేశాను.

వీడియో పాకిపోయింది. దానికి పాటలు అతికించారు, డాన్సులు చేశారు. బజారులో కుర్రాళ్ళు పెద్దమ్మ ముందు ఫోన్లు పట్టుకుని నిలబడేవారు. ‘మామ్మా, నీలు తాగమను ఒక్కసారి.’ చేపలు మాత్రం కొనేవారు కాదు. వీధి చివరికి వినబడేలా కేకేసి అమ్మే మనిషి, కేక వెయ్యడమే మానేసింది.

నేను మళ్ళీ ఊరెళ్ళినప్పుడు అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

“అమ్మీ, నీకు ఫోనుల సంగతి తెలుస్తాది గదా. ఎవులెట్టినారే ఇది?”

“తెలీదు పెద్దమ్మా.”

“ఆ దినం ఇంట్లో ఉన్నది మనం ముగ్గురమే. నువ్వయితే అలాటి పిల్లవి కావు.” లోపలికి తిరిగి అరిచింది. “ఒలే, ఎంత పని సేసినావే!”

వదిన గుమ్మంలోకి వచ్చింది. “నాను కాదత్తా. తీసింది ఈవిడే గదా, అడుగు.”

పెద్దమ్మ నా వైపు చూసింది. నిజం చెప్పడానికి ఆ ఒక్క క్షణం నాకు దొరికింది. చెప్పుల్లో ఇసక దులుపుకుంటూ అన్నాను.

“తీసి నీకే కదా పంపాను వదినా.”

అది నిజమే. ఆ నిజంతోనే అబద్ధమాడాను. వదిన పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. పాటలకి పెదాలు కదుపుతూ వీడియోలు చేసుకోవడం ఆమెకున్న ఒక్క సరదా, కాబట్టి ఊళ్ళో అందరూ నమ్మేశారు. గుజరాత్ వైపు బోటు మీద పనికెళ్ళిన పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, అక్కడినుంచే తిట్టి, ఆమె ఫోన్ లాక్కోమన్నాడు. ఆ తర్వాత మొగుడితో మాట్లాడాలన్నా పెద్దమ్మ ఫోన్‌లోనే, పెద్దమ్మ ఎదుటే. వదిన కొన్నాళ్ళు చూసింది. కూతుర్ని ఎత్తుకుని శ్రీముఖలింగం దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. అన్నయ్య తీసుకురావడానికి వెళ్ళలేదు.

పెద్దమ్మ గంప దించేసింది. ఎవరు ఫోన్ బయటికి తీసినా మాట మధ్యలోనే ఆపేస్తుంది. నేను వెళ్తే మాత్రం పులుసులో నడిమి ముక్క నాకే వేస్తుంది. తింటాను.

ఆ అకౌంటు ఎప్పుడో తీసేశాను. వీడియో మాత్రం పోలేదు. మొన్నామధ్య ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి టీ తాగుతూ అందరికీ చూపించింది. నవ్వారు. నేనూ నవ్వాను.

పెద్దమ్మతో చెప్పొచ్చు కదా అంటారు. నా మీద ఆవిడకున్న నమ్మకం పోతే తట్టుకోలేదని నాకు నేను చెప్పుకుంటాను. తట్టుకోలేనిది ఆవిడా, నేనా? ఇక వదినకి కొత్తగా చెప్పడానికేముంది? ఆమెకి మొదటినుంచీ తెలుసు. కావలసింది ఆమెకి చెప్పడం కాదు, నలుగురిలో చెప్పడం. ఆ పని చెయ్యలేక ఇక్కడ, ముఖం తెలియని మీ దగ్గర చెబుతున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. ఆ వీడియో పెట్టింది నేను. అత్తని నలుగురిలో నవ్వులపాలు చేసిందని నింద మోస్తున్న ఆ కోడలు అబద్ధం ఆడలేదు. అబద్ధం నాది.

రాసేశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. నాకే, వదినకి కాదు.