ఆగని వేళ్లు

ఘానాలోని కుమాసి బజారులో జడలల్లే సెర్వా వేళ్లకు విశ్రాంతన్నది తెలియదు. ఫుఫు ముద్ద తింటూనే, దగ్గరికొచ్చిన మేక గడ్డానికి జడ వేసి పంపిన మనిషి. ఒక్కరోజు కొట్టు మూసినా గిరాకీ పక్క కొట్టుకు పోతుందని ఆమె దిగులు. మొన్న ఆమె కొట్టులో, ఏళ్లుగా మాటల్లేని తోడికోడళ్లిద్దరు జడలకోసం పక్కపక్కనే కూర్చున్నారు. సెర్వా నిలబడే నిద్రలోకి జారింది; వేళ్లు మాత్రం ఆగక, ఇద్దరి జుట్టూ కలిపి ఒకే జడ అల్లేశాయి.

చిన్నామె కొనాదు లేవబోయింది. పెద్దామె పొకువా తల కూడా వెంట వెళ్లింది.

"నా జుట్టెందుకు లాగుతావక్కా?"

"నువ్వే నా నెత్తికెక్కావు. ముందా పిల్లని లేపు."

అద్దంలో సెర్వా గోడకు ఒరిగి గురక పెడుతోంది. వేళ్లు ఇంకా గాలిని అల్లుతూనే ఉన్నాయి. కొనాదు చెయ్యి వెనక్కి చాచి వాటిని పట్టుకుంది. అవి మెల్లగా ఆగాయి.

"లేపొద్దక్కా. ఎన్నాళ్లయిందో ఇది పడుకుని."

ఇంతలో గుమ్మంలో ఇంకొకామె తొంగిచూసింది.

"రేపు రా," అంది పొకువా గొంతు తగ్గించి. "పక్క కొట్టుకు పోయావో, నీ తల కూడా మాతో కలిపి అల్లించేస్తా."