మస్తాను మామ పాడించిన మైకు కూత

మా చిన్నప్పుడు... గురజాలలో మస్తాను మామకి మా హెడ్మాస్టరు ఒక మాట ఇచ్చాడు. "వార్షికోత్సవంలో ప్రార్థన అయ్యాక పది నిమిషాలు నీవే సాయిబూ... ఏం వినిపిస్తావో వినిపించు." ఆ మాట నిలబడలేదు.

మస్తాను మామకి మైకుసెట్టు ఉండేది. పెళ్లయినా తిరునాళ్లయినా ఆయన హారన్లే. మైకును హారన్ ముందుకు తెస్తే కుయ్యిమని కూస్తుంది కదా... అందరూ ఆ కూతను ఆపుతారు. ఆయన దాన్ని పాడించేవాడు. ఇత్తడి బిందెలోకి మైకును మెల్లగా దించితే కూత లావై, గుమ్మటంలో పావురాలు మూలిగినట్టు అయ్యేది. పైకి తీస్తుంటే సన్నబడి దారంలా సాగేది.

మొదటిసారి విని చెవులు మూసుకున్నాను.

"ఏంది అల్లుడూ, అట్టా బెదిరిపోయినావు? చెడిపోలా... పాడతా ఉంది" అన్నాడు.

ఒకసారి మా సంగీతం టీచరమ్మ స్కూలు మైకు బాగుచేయించడానికి ఆయన కొట్టుకొచ్చింది. స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని విన్నది. "ఇందులో శ్రుతి ఉంది మస్తానూ... ఎవరు నేర్పారు నీకు?" అంది. ఆ ధైర్యంతోనే మామ హెడ్మాస్టరును అడిగాడు.

వార్షికోత్సవం రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. బిందె మా ఇంటిదే... అమ్మ చింతపండుతో తోమి ఇచ్చింది.

కూత మొదలై నిమిషమైనా నిండలేదు. "ఒరేయ్, మైకు కూస్తా ఉంది! తీగ పీకండ్రా!" అని వెనకనుంచి కేకలు. హెడ్మాస్టరు టీచరమ్మ వైపు తిరిగి, "ఏమ్మా, ఇదేమన్నా సంగీతమా?" అని అడిగాడు.

ఆవిడ తల వంచుకుని కుచ్చిళ్లు సర్దుకుంది.

ప్యూను తీగ పీకేశాడు.

అంతకన్నా ఘోరం జనం ఓదార్పు. "పోన్లే సాయిబూ, ఈసారి మంచి మైకు తెచ్చుకో." చెడ్డ మైకని పేరు పడింది... ఆ ఏడు పెళ్లిళ్లకు ఆయన సెట్టును ఒక్కరూ పిలవలేదు. హారన్లు అమ్మేసి, సైకిళ్లకు పంక్చర్లు వేసుకుంటూ బతికాడు. మళ్లీ ఆ కూత నేను వినలేదు.

తర్వాత చానా పుస్తకాలు చదివాను. పరదేశాల్లో ఇలాంటి కూతలతోనే కచేరీలు చేసి, చప్పట్లు కొట్టించుకున్నవాళ్లున్నారని తెలిసింది. చదివిన ప్రతిసారీ కడుపు మండింది.

పోయిన నెల చిలకలూరిపేట వెళ్లాను. మూతపడ్డ జిన్నింగు మిల్లు షెడ్డులో మాచర్ల అమ్మాయి ఒకతె పాత హారన్లు, రేకు డబ్బాలు పెట్టుకుని కూర్చుంది. బ్యానరు లేదు, వేదిక లేదు... ఫోన్లలో ఒకరికొకరు చెప్పుకుని వచ్చిన ముప్పై మంది, నేల మీదే.

కూత లేచింది. నా పక్కనున్న ముసలి హమాలీ సగం లేచి, "అమ్మాయ్, మైకు సంగతి చూసుకో!" అని కేకేశాడు.

"నేనే కూయిస్తన్నా తాతా. కాసేపు ఇను, నచ్చకపోతే తిట్టు" అంది ఆ పిల్ల నవ్వుతూ.

ఆయన కూర్చున్నాడు. చివరిదాకా కదల్లేదు. బయటికొస్తూ, "మా మిల్లు మళ్లీ ఆడినట్టుందయ్యా" అన్నాడు.

ఇలాంటి పిల్లలను చూస్తే నాలాంటి వాడికి కూడా ఆశ పుడుతోంది. పది నిమిషాలు ఇమ్మని వీళ్లు ఎవర్నీ అడగడం లేదు. మీ ఊళ్లో కూడా ఇలా నవ్వులపాలైన మనిషి ఉంటే పేరుతో సహా కింద రాయండి... నలుగురికీ తెలియాలి.

హెడ్మాస్టరు మాట తప్పాడు, నిజమే... కానీ ఆయనకు తెలియదు. తెలియనివాణ్ణి ఎప్పుడో వదిలేశాను. తెలిసీ ఒక్క ముక్క అనని మనిషిని మాత్రం ఈ వయసులోనూ వదల్లేకపోతున్నాను... మా సంగీతం టీచరు, రాజ్యలక్ష్మి గారు.