మూడు రోజుల అలక

ఆ రోజుల్లో, అంటే ఎనభైలు మొదలైన కొత్తలో, నర్సీపట్నంలో మా ఇంట్లో ఏ తగువొచ్చినా హదీసు దగ్గరే తేలేది. నమాజు చెయ్యమని ఖురాన్ ఆదేశించింది, ఎలా చెయ్యాలో ప్రవక్తగారు చేసి చూపించారు. ఆయన మాటా నడతా విన్నవాళ్ళ నుంచి విన్నవాళ్ళకి చేరుతూ మా దాకా వచ్చినవే హదీసులు. మా ఇంట్లో వాటికి పెద్దదిక్కు మా దాదీమా, అంటే నాన్నగారి అమ్మ. కుడిచేత్తో అన్నం తినడం దగ్గర్నుంచి పొరుగింటికి కూర పంపడం దాకా (గిన్నె ఖాళీగా తిరిగొస్తే నాకు ఏడుపొచ్చేది) అన్నింటికీ ఆవిడ దగ్గర ఒక హదీసు ఉండేది. ఎవరైనా తెలిసీ తెలియక హదీసు చెప్పబోతే, "నీకెవరు సెప్పారు? ఆళ్ళకెవరు సెప్పారు?" అని నిలదీసేది.

ఇంటరు పాసయ్యాక నాకు టీచర్ ట్రైనింగులో సీటొచ్చింది. ఆ వెనకే పాయకరావుపేట సంబంధమూ వచ్చింది. మా అబ్బా (నాన్నగారిని అలాగే పిలిచేవాళ్ళం) సంతకొచ్చే మన్యం వాళ్ళకి చొక్కాలు కుట్టే నెమ్మదైన మనిషి. "సదివిన సదువు సాల్లే అమ్మా" అన్నారు. నేను అలిగి, ఇంట్లో అందరితోనూ మాటలు మానేశాను. (రోజంతా వాగేదాన్ని కదా, ఇల్లు తల్లడిల్లిపోతుందనుకున్నాను. ఇన్నాళ్ళకి ప్రశాంతంగా ఉందంది అమ్మ.)

మర్నాడు సాయంత్రం అబ్బా నా ఎదురుగా కూర్చుని పద్ధతిగా అడిగారు. "పిల్లని అడక్కుండా నిఖా సెయ్యకూడదు. ఈ సంబంధం నీకిష్టమేనా అమ్మా?"

నేను పళ్ళు బిగించి నేలచూపులు చూశాను. ఒక్క మాట పలికినా అలక ఓడిపోయినట్టేనని నా పంతం. అబ్బా కళ్ళు చెమర్చాయి. "సిగ్గుపడతంది. కన్నెపిల్ల మౌనమే ఒప్పుకోలని హదీసు" అని అమ్మతో చెప్పి, మిఠాయి తేవడానికి చెప్పులేసుకున్నారు. నా చదువంతా ఆయనతోపాటే గుమ్మం దాటిపోతోంది. తీరా మాట్లాడదామంటే నోరు పెగల్లేదు.

"ఆగరా" అంది దాదీమా, మంచం మీద జపం చేసుకునే తస్బీ పూసలు తిప్పుతూ. "హదీసు నిజమే. అది సిగ్గుతో మాట రాని పిల్ల సంగతి. ఇది నీ మీద అలిగి కూకుంది. నిన్నట్నుంచి మంచినీళ్ళు కూడా సైగ సేసి అడుగుతంది. ఇంకో హదీసుంది. తోటి మనిషితో మూడ్రోజులు మించి మాటలు మానకూడదు. ఎల్లుండికి దీని గడువైపోద్ది, అప్పుడడుగు."

అబ్బా చెప్పులు విప్పేశారు. చెప్పిన రోజు తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని మళ్ళీ అడిగారు, ఈసారి బెరుగ్గా. నేను నోరు తెరిచాను (మధ్యాహ్నం దాకా ముయ్యలేదని అమ్మ అనేది). అందులో అసలు మాట ఒక్కటే: "సదువుకుంటానబ్బా. అదయ్యాకే ఏదైనా."

ఆయన "సరేనమ్మా, పేట వోళ్ళకి కబురెడతాను" అన్నారు. ఆయన మీద అంత ప్రేమ నాకు అంతకు ముందెప్పుడూ కలగలేదు.

ఆ రోజు దాదీమా తలకి నూనె రాస్తూ, నా తరఫున ఎందుకంత గట్టిగా నిలబడ్డావని అడిగాను.

"నా నిఖాకి నన్నూ అడిగారే. నేనూ మాటాడలేదు. సిగ్గనుకున్నారు."

"సిగ్గు కాదా?"

ఆవిడ తస్బీ అందుకుని మళ్ళీ పూసలు తిప్పసాగింది.

ఇప్పుడు మావాళ్ళ నిఖాల్లో పెళ్ళికూతురి పక్కన కూర్చునేది నేనే. సమ్మతి అడగడానికి పెద్దలు వచ్చినప్పుడు పిల్ల తల దించుకుంటే, వాళ్ళని కాసేపు బయట నిలబెట్టి, "ఏటే, సిగ్గా, అలకా?" అని చెవిలో అడుగుతాను. ముసలిదానికి చాదస్తమని నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను గానీ, ఆ పిల్ల నోరు విప్పేదాకా అక్కణ్ణించి లేవను.