మల్లేశం సార్‌కు నేను చెప్పిన పాఠం

మొన్న నా ఆఫీసులో, సార్ వాడిన పాత బీరువా సర్దుతుంటే ఒక సొరుగు తెరవగానే కర్పూరం, వాము కలిసిన వాసన గుప్పుమంది. కరోనా రోజుల్లో మల్లేశం సార్ ఆ రెండింటినీ చిన్న గుడ్డలో మూటగట్టి చొక్కా జేబులో పెట్టుకునేవారు. మాస్కు కాస్త దించి ఒకసారి పీల్చి, మళ్ళీ ఫైల్లో తలదూర్చేవారు. ఆయన కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల పనికి సూరత్ వచ్చిన మనిషి. మగ్గం నడుపుతూనే బీకాం పూర్తి చేసి, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేసే ప్రాక్టీషనర్ అయ్యారు. ఆ ఊళ్ళోనే ఉధ్నాలో ఒకే గది ఆఫీసు. మా నాన్నదీ మగ్గం పనే. ఆ పరిచయంతోనే నన్ను టైపిస్టుగా చేర్చుకున్నారు.

మొదటి లాక్‌డౌన్ ముగిసిన కొన్నాళ్ళకు సరోజక్క వచ్చింది. చీరలకు లేసు కుట్టే ఆమె ఏటా సార్ దగ్గరే రిటర్ను వేయించుకునేది. పని లేని రోజుల్లో ఫోన్లో క్రిప్టో నాణేలు కొన్నదట. ధర పెరిగాక అమ్మి కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజు కట్టిందట. తెలిసిన ఇంకో కన్సల్టెంటు రిటర్నులో అవేవీ చూపించొద్దన్నాడట.

“జర నిజం చెప్పుండ్రి సార్. నన్ను పట్టుకపోతరా?” అంది.

“ఎవ్వలూ పట్టుకపోరు. కానీ గీ సంగతి నాకు తెల్వదు సరోజా. నాలుగు దినాలు ఆగు,” అన్నారు సార్.

ముప్పై ఏళ్ళు ప్రాక్టీసు చేసిన మనిషి క్లయింటు ముందు తెలియదనడం చూసి నాకే సిగ్గేసింది. ఆమె వెళ్ళగానే నా వైపు తిరిగి, “స్వరూపా, నీకేమన్న తెలుసా గీ ముచ్చట?” అని అడిగారు. మా తమ్ముడు చేస్తుంటే చూశాను, కొంత తెలుసన్నాను. ఆయన లేచి తన కుర్చీ నాకిచ్చి, ఎదురుగా క్లయింట్లు కూర్చునే స్టూలు మీద కూర్చున్నారు. నోటుపుస్తకం తెరిచి, “చెప్పు, రాసుకుంట,” అన్నారు. అప్పటికి ఆయనకు అరవై రెండేళ్ళు.

నేర్పుతున్నది నేనే అనుకున్నాను. ఒక నాణెం ఇచ్చి ఇంకో నాణెం తీసుకుంటే రూపాయి చేతికి రాలేదు కాబట్టి అది అమ్మకం కాదన్నాను. సార్ పెన్ను ఆపారు. “మా అవ్వ వడ్లు పోసి గాజులు తీసుకునేది. పైసలు చేతికి రాలే. మరి వడ్లు అమ్మినట్టా, కాదా?” అప్పటిదాకా ఫోన్ మీద నొక్కడమే తెలిసిన నాకు ఆ నొక్కుడు వెనక జరిగేదీ అమ్మకమేనని ఆ ఒక్క మాటతో అర్థమైంది. క్రిప్టో అనే పేరు చట్టంలో అప్పటికి లేదు. పేరు లేకపోయినా ఆదాయం ఆదాయమేనని సార్ తేల్చారు. సరోజక్క ఫోన్లోంచి ఒక్కో లావాదేవీ వెతికి తీసి రిటర్ను వేశాం. తర్వాత వివరాలడుగుతూ నోటీసు వస్తే ఆమె ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. కాగితాలన్నీ మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. జవాబు పంపాం, గొడవ అంతటితో తీరింది. ఆ కబురు చుట్టుపక్కల ప్రాక్టీషనర్లందరికీ పాకింది.

ఇంకొన్నాళ్ళకు బడ్జెట్‌లో క్రిప్టో లాభాల మీద ముప్పై శాతం పన్ను ప్రకటించారు. ఆ ప్రాక్టీషనర్లందరూ బెంబేలెత్తి, తమకు క్లాసు చెప్పమని సార్ వెంటపడ్డారు. కరోనా ఇంకా పోలేదు కాబట్టి ఆన్‌లైన్లోనే. “నేను గాదు, స్వరూప చెప్తది,” అన్నారాయన. ఆ రోజు ఆఫీసులో నేనొక్కదాన్నే కూర్చున్నాను. సార్ తన ఇంటి నుంచి చేరారు. తెర నిండా తల నెరిసిన ముఖాలు. నేను నోరు తెరిచేలోపే ఒక గుజరాతీ పెద్దాయన, నేను ఉత్త టైపిస్టునని, సార్‌నే చెప్పమని అడ్డుపడ్డాడు. “మల్లేశంభాయ్, ఆప్ బోలో నా. యే తో టైపిస్ట్ హై.”

“టీచర్ హై, భాయ్. మైనే ఇసీ సే సీఖా,” అన్నారు సార్. నేనూ ఈమె దగ్గరే నేర్చుకున్నానని, అంతమంది ముందు!

చెప్పడం మొదలుపెట్టాను. అరగంట గడిచినా ఒక్కరూ ప్రశ్న వేయలేదు. అప్పుడు సార్ చెయ్యెత్తారు. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేయొచ్చా అని హిందీలో అడిగారు. కుదరదని ముందురోజు నాకు చెప్పింది ఆయనే! తెల్లబోయి, తేరుకుని, కుదరదన్నాను. ఆయన బుద్ధిగా తలూపి రాసుకున్నారు. ఆ వెంటనే చేతులు వరసగా లేచాయి. గుజరాతీ పెద్దాయన ఒక్కడే మూడు ప్రశ్నలడిగాడు.

క్లాసు ముగిశాక ఫోన్ చేశాను. “తెలిసిందే ఎందుకడిగిండ్రు సార్?”

“అందరికీ గదే అనుమానం బిడ్డా. అడగనీకి శరమైతది. ఎవడో ఒకడు ముందుగాల అడగాలె.”

ఇంట్లో చెబితే నాన్న అన్నం తినడం ఆపేశాడు. “మల్లేశం నీ ముందల చెయ్యెత్తిండా!” అని రెండుసార్లు అడిగాడు.

సార్ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు సూరత్‌లోనే, ఆల్థాన్‌లో నా పేరుతో టాక్స్ ప్రాక్టీషనర్ బోర్డు ఉంది. ఆయన్ని తలుచుకుంటే దుఃఖం కంటే ముందు గర్వమే వస్తుంది. పోయిన నెల సూరత్ పక్కనే ఉన్న పల్సానాలో, ఆన్‌లైన్ వీడియోలతో సంపాదించేవాళ్ళ పన్నుల గురించి ఒక శిక్షణకు వెళ్ళాను. శిక్షణ ఇచ్చే మేడమ్ చకచకా చెప్పుకుపోతోంది. నా వెనక వరసలో కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చిన అమ్మాయిలిద్దరు, విదేశం నుంచి వచ్చే డబ్బును ఎలా చూపించాలో నువ్వడుగంటే నువ్వడుగని గుసగుసలాడుకుంటున్నారు.

నాకు జవాబు తెలుసు. చెయ్యెత్తాను.