మాలకొండయ్య జూకి నేను తెచ్చిచ్చిన కొండగొర్రె పిల్ల

మా గొర్రెల నోటికాడి మేత ఎవరు లాక్కున్నారని మా పల్లెలో అడిగి చూడండి. ముందు మాలకొండయ్య పేరు చెబుతారు. తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, నా పేరు చెబుతారు. అబద్ధమేమీ కాదు. మాలకొండయ్య మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. ఇప్పటికీ అతను గుర్తొచ్చిన రోజు మా ఇంట్లో అన్నం మాడుతుంది. అయినా సరే, అతనికి కావాల్సిన ఆ ఒక్క వస్తువును అడక్కముందే, పాలు పట్టి మరీ, మెడమీద మోసుకుపోయి అప్పజెప్పింది నేనే. ఆ కథ చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. నేను మధ్యమధ్యలో పళ్ళు కొరుక్కుంటుంటాను, పట్టించుకోకండి.

ముందు ఆ జూ సంగతి చెప్పాలి. ఆత్మకూరు దాటి మర్రిపాడు వైపు వస్తుంటే రోడ్డు పక్కన సిమెంటు ఏనుగు ఒకటి తొండమెత్తి నిలబడి ఉంటుంది. లోపల అసలు ఏనుగు ఉంటుందనుకుని బస్సు దిగినవాళ్ళు మోసపోయినట్టే. లోపల ఉండేవి కొన్ని ఈము పక్షులు, కొన్ని కుందేళ్ళు, గోల చేసే చిన్న చిలకలు, ఒంటిమీద సగం వెంట్రుకలు ఊడిపోయిన ఒక ఒంటె. ఈముల గుడ్లు అమ్ముకుంటే కోటీశ్వరులు అయిపోతారని జనం వెర్రెత్తిన రోజుల్లో మాలకొండయ్య కూడా ఈములు పెట్టాడు. గుడ్లు ఎవరూ కొనలేదు. పక్షుల్ని ఏం చేసుకోవాలో తెలియక చుట్టూ కంచె వేసి, గేటు పెట్టి, టికెట్టు పెట్టాడు. దానికి పేరు మినీ జూ.

అంతవరకు మాకేమీ బాధ లేదు. ఎవరి ఒంటె వాళ్ళిష్టం. కానీ ఒకరోజు మా బీడు దగ్గరకు వచ్చి చెయ్యి చాచి కొండదాకా చూపించాడు. ఆ సర్కారు బీడు జూ వెనకే ఉంటుంది. మా పల్లె మందలన్నీ మేసేది అక్కడే. అది పోతే మా గొర్రెలు తారురోడ్డు నాకాల్సిందే.

"ఇదంతా జూలో కలపతాండాం రవణమ్మా," అన్నాడు.

"ఎందుకన్నా? నీ ఒంటె కాళ్ళు చాపుకోవాల్నా?"

"ఒంటె కాదమ్మే. రేర్ యానిమల్స్. ఈడ పెంచి, పిల్లల్ని పెట్టించి, దేశమంతా పంపిస్తాం. మన మర్రిపాడు పేరు టీవీలో వస్తాది చూడు."

"యాడుండాయన్నా ఆ రేర్ యానిమల్స్?"

"వెనక షెడ్డులో ఒక జత ఉండాది. జనాలకు చూపీము. బెదరతాయి."

"మా మంద యాడ మేయాల?"

"యాడో ఒక చోట. గొర్రెలు రేర్ కాదు కదా తల్లీ."

ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయింది. అప్పటికి నాకు పెళ్ళయి ఎంతోకాలం కాలేదు. ఉదయగిరిలో ఇంటర్ చదివాను, గొంతు పెద్దది, మైకు దొరికితే వదలను. అందుకని జూను పెద్దది చేసే విషయం మీద జనాల మాట వినడానికి ఆఫీసర్లు మీటింగు పెడుతున్నారని తెలియగానే, పల్లెంతా కలిసి మాట్లాడే పని నామీదే పెట్టింది. నేను రోజూ దొడ్లో గొర్రెలకు ఉపన్యాసం ఇచ్చి సాధన చేశాను. అవి శ్రద్ధగా విన్నాయి. మా ఆయన పెంచలయ్య మాత్రం వినలేదు.

మీటింగు ముందురోజు పొద్దున మందను తోలుకుని ఇద్దరం బీటికి పోయాం. కొండకింద బలుసు పొద పక్కన మా మేక ఒకటి ఆగి, చెవులు నిక్కించి చూస్తోంది. ఏమిటా అని వంగి చూశాను. పొదకింద ఎర్రమట్టి రంగులో ఒక పిల్ల ముడుచుకుని పడుకుని ఉంది. గొర్రెపిల్ల కాదు, మేకపిల్ల కాదు. సన్నటి కాళ్ళు, తడి కళ్ళు, మొలతాడంత కూడా లేని తోక. దగ్గరికి పోయినా లేవలేదు, అరవలేదు.

గొర్రెలు కాసే ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. మేతకు పోయిన చోట గొర్రె ఈనినా, పిల్ల వెనకబడి పడిపోయినా, అది ఎవరి మందదైనా సరే, వదిలేసి రాము. మెడమీద వేసుకుని కాళ్ళు రెండువైపులా పట్టుకుని ఇంటికి తెస్తాం. ఒంటరిగా పడున్న పిల్ల అంటే మా లెక్కలో తల్లి తప్పిన పిల్లే. చేతులు వాటంతటవే ముందుకు పోతాయి. నా చేతులూ పోయాయి.

"ముట్టుకోబాకమే," అన్నాడు పెంచలయ్య. "అది అడివి పిల్ల. తల్లి ఆడ దాచిపెట్టి మేతకు పోయుంటాది. సాయంత్రానికి వస్తాదిలే."

అతను అన్న మాటల్లో అక్షరం తప్పు లేదు. కానీ అప్పుడు నా బుర్ర పనిచేస్తోంది. నా బుర్ర పనిచేసినప్పుడల్లా మా ఇంటికి ఏదో ఒక నష్టం వస్తుంది.

"అడివి పిల్ల కాదయ్యా. మాలకొండయ్య షెడ్డులో జత ఉందన్నాడే, దాని పిల్ల ఇది! కంచె సందులోంచి బయటపడింది."

"అయితే?"

"అయితే ఏందయ్యా, రుజువు! పాలు తాగే పిల్లను కాపాడుకోలేనోడికి కొండదాకా బీడు ఎట్టిస్తారని రేపు ఆఫీసర్లనే అడగతా. దీన్ని తీసుకుపోయి ఎదురుగా పెడతా. నోరు యాడ పెట్టుకుంటాడో చూస్తా."

"వద్దుమే. నాకెందుకో తేడాగా ఉండాది."

"నువ్వు గమ్మునుండు."

గమ్మునున్నాడు. అదే అతనిలో ఉన్న గొప్ప గుణం, అదే మా కొంప ముంచింది.

పిల్లను ఇంటికి తెచ్చాను. పిల్ల చచ్చిపోయిన మేక ఒకటి మా దొడ్లో ఉండింది, దాని దగ్గర పాలు పట్టాను. ముందు తల తిప్పుకుంది, తర్వాత గుటగుట తాగింది. అంతటితో ఆగితే నేను రవణమ్మను ఎందుకవుతాను? దొడ్లోకి వచ్చిన ఏ పిల్లకైనా మా మంద గుర్తు, నడుం మీద పచ్చరంగు, అప్పటికప్పుడు పూయడం మా అలవాటు. డబ్బా పక్కనే ఉంది. ఇంకేదో ఆలోచించుకుంటూ దానికీ పూసేశాను. అడివి జంతువుకు రంగు వేసిన ఆడది నెల్లూరు జిల్లా మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మర్నాడు మీటింగు జూ ఆవరణలోనే. షామియానా, కుర్చీలు, పులిహోర పొట్లాలు అన్నీ మాలకొండయ్యవే. జనాల మాట వినే మీటింగుకు ఖర్చంతా అతనే పెడుతున్నాడంటేనే నాకు అర్థం కావాల్సింది. కాలేదు. పిల్లను మెడమీద వేసుకుని, పైన చీర కొంగు కప్పుకుని ముందువరసలో కూర్చున్నాను. పిల్ల నా చెవి చప్పరిస్తోంది. పక్కనున్నవాళ్ళు నాకు జ్వరమనుకున్నారు.

మాలకొండయ్య మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. అరుదైన జంతువులు, పర్యాటకం, ఉద్యోగాలు, మన పిల్లల భవిష్యత్తు. మధ్యలో ఒంటె ఒకసారి అరిచింది, దానికి కూడా చప్పట్లు కొట్టించాడు. తర్వాత నన్ను పిలిచారు. నేను లేచి, కొంగు తీసి, పిల్లను మీటింగు నడిపే ఆఫీసరమ్మ బల్ల మీద నిలబెట్టాను. జనం కుర్చీల్లోంచి లేచారు.

"మేడం, ఇది ఈయన రేర్ యానిమల్. మా గొర్రెల మధ్య దొరికినాది. ఒక్క పిల్లను కాపాడుకునేది చేతకాలేదు ఈయనకి. ఇంత బీడిస్తే ఏం కాపాడతాడో మీరే అడగండి!"

షామియానా దద్దరిల్లింది. మాలకొండయ్య ముఖం తెల్లబోయింది.

"మేడం, అది మాది కాదు," అన్నాడు తడబడుతూ.

"మీ షెడ్డులో ఉన్న జతకు పుట్టింది కాదా?" ఆఫీసరమ్మ అడిగింది.

"లేదు మేడం. షెడ్డులో... అంటే, ఇప్పటికైతే... గడ్డి ఉండాది."

"గడ్డేనా?"

"గడ్డి, రెండు పాత కుర్చీలు."

జనం పడీపడీ నవ్వారు. మా వాళ్ళు ఈలలు వేశారు. పెంచలయ్య కూడా, జన్మలో మొదటిసారి, నన్ను చూసి గర్వంగా మీసం దువ్వాడు. నేను గెలిచాను. ఆ గెలుపు ఎంతసేపు ఉందంటే, పులిహోర పొట్లం విప్పి ఒక ముద్ద నోట్లో పెట్టుకునేంతసేపు.

ఆమె పక్కనే కూర్చున్న ఫారెస్టు ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకుని పిల్ల దగ్గరికి వచ్చాడు. తోక చూశాడు, కాళ్ళు చూశాడు, నడుం మీద పచ్చరంగు చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఈ రంగు ఏంటమ్మా?"

"అది మా మంద గుర్తు సార్. అలవాటులో..."

"అలవాటా! ఇది ఏమిటో తెలుసా మీకు? కొండగొర్రె పిల్ల. పేరుకే గొర్రె, జింక లాంటిది. మగవాటికి నాలుగు కొమ్ములు వస్తాయి. చాలా అరుదైన జంతువు. దీన్ని ముట్టుకోవడమే నేరం. ఎక్కడ దొరికింది?"

నేను నోట్లో ముద్ద మింగలేక కొండవైపు చెయ్యి చూపించాను.

"అంటే ఆ బీడులో ఇవి ఉన్నాయన్నమాట!" అన్నాడు ఆయన ఆనందంగా.

మాలకొండయ్య ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. నేను నా కళ్ళతో చూశాను. సందు దొరికితే చాలు, దాంట్లోంచి లారీ నడిపించే మనిషి అతను. మైకు లాక్కున్నాడు.

"నేను మొదట్నించీ చెప్తా ఉండేది ఇదే కదా సార్! ఈ నేల రేర్ యానిమల్స్ నేల! చూసినారు కదా, ఈ గొర్రెల వల్ల వాటికి ఎంత ప్రమాదముండాదో! మెడమీదేసుకుని ఎత్తుకొస్తాండారు, పెయింటు కొడతాండారు! కంచె లేకుంటే ఇంకేమైనా ఉండాదా?"

"అన్నా, నీకు సిగ్గుండాదా?" అని అరిచాను. మైకు అతని చేతిలో ఉంది, కాబట్టి అరిచిన సంగతి నాకూ మా ఆయనకూ మాత్రమే తెలిసింది.

చివరికి తేలిందేమిటంటే, బీటికి వెంటనే మాలకొండయ్యే కంచె వేయించాలి, గొర్రెలకు ప్రవేశం లేదు. మిగతా సంగతి తర్వాత చూస్తారట. మనిషి వాసన, పెయింటు వాసన పట్టిన పిల్లను తల్లి దగ్గరికి రానీయదని, అందుకని ప్రస్తుతానికి జూలోనే పెంచాలని చెప్పారు. అంటే గడ్డీ, రెండు పాత కుర్చీలూ ఉన్న షెడ్డులోకి మొదటి అరుదైన జంతువు వచ్చింది. నామీద కేసు పెట్టకుండా మాలకొండయ్యే పెద్దమనసుతో ఆఫీసర్లకు సర్దిచెప్పాడు. ఆ పెద్దమనసు తలుచుకుంటే నాకు కేసే నయమనిపిస్తుంది.

ఆ సాయంత్రం పెంచలయ్య బీడు అంచుదాకా పోయి వచ్చాడు. బలుసు పొద చుట్టూ ఒక కొండగొర్రె తిరుగుతోందట. మళ్ళీ మరుసటి సాయంత్రం కూడా వచ్చిందట. అది చెప్పి గొర్రెలకు నీళ్ళు పెట్టడానికి పోయాడు. తిట్టినా బాగుండేది. మాలకొండయ్య మీద కోపానికి నేను ఒక తల్లి దగ్గర్నుంచి పిల్లను ఎత్తుకొచ్చాను. దీనికి మాత్రం ఇప్పటికీ నాకు నవ్వు రాదు.

కంచె వచ్చేసింది. మేం మందను రోడ్డు వెంబడి తోలుకుపోయి, లారీల హారన్లు వింటూ మేపుతున్నాం. గొర్రెలు ఎముకలు తేలాయి. పిల్ల మాత్రం జూలో ఏపుగా పెరిగింది. రంగు పోయింది, టికెట్టు రేటు పెరిగింది. 'అరుదైన జంతువుల సంతానోత్పత్తి కేంద్రం' అని పెద్ద బోర్డు లేచింది.

అప్పుడు ఒకరోజు రోడ్డు మీద మాలకొండయ్య కారు మా మంద పక్కన ఆగింది. అద్దం దించి, చుట్టూ చూసి, మెల్లగా అన్నాడు.

"రవణమ్మా, నీతో ఒక పనుండాది. బోర్డు పెట్టినాను గానీ, ఒక్కదాంతో సంతానమెట్టమ్మే? ఉండేది ఆడది. మగపిల్ల ఒకటి కావాల. నీ కన్ను మంచిది."

నా చేతిలో కర్ర ఉంది. పెంచలయ్య ముందుజాగ్రత్తగా దాన్ని పట్టుకున్నాడు.

"ముట్టుకుంటే నేరమంట కదన్నా," అన్నాను.

"నువ్వు ముట్టుకోబాక. యాడుండాదో చూసి నాకు చెప్పు, చాలు."

"ఎట్ట చూసేది? నువ్వే కదా కంచేసినావు."

"వెతికేదానికైతే గేటు తీపిస్తాలే."

మా గొర్రెల ఆకలికి తెరుచుకోని గేటు, ఇంకో తల్లికి కడుపుకోత పెట్టడానికి తెరుచుకుంటుందట. ఆ మాట విన్నాక నాకు కోపం కూడా రాలేదు. కోపం దాటిపోయి చాలా ప్రశాంతమైన చోటికి చేరుకున్నాను.

"సరేన్నా, వెతకతా," అన్నాను. "అయితే మంద లేకుండా పోతే అవి మనిషిని చూసి బెదిరిపోతాయి. మందలో కలిసిపోతేనే దగ్గరికి వస్తాయి. రోజూ పోవాల. దొరికేదాకా పోవాల."

"అట్నే పో తల్లీ. దొరికితే చాలు," అన్నాడు మాలకొండయ్య, చేతులు జోడించి.

అందువల్ల ఇప్పుడు రోజూ పొద్దున్నే మాలకొండయ్య మనిషే వచ్చి మాకు గేటు తీస్తున్నాడు. ఒక్క మా మందే వెతికితే సరిపోదని చెప్పి పల్లె మందలన్నిటినీ వెతకడానికి పెట్టాను. అన్నీ తలలు వంచుకుని, కొండదాకా, గడ్డి గడ్డీ గాలిస్తున్నాయి. సాయంత్రం అతను ఫోన్ చేసి "ఏమన్నా కనపడిందా?" అంటాడు. "ఇంకా లేదన్నా, రేపు చూస్తా," అంటాను.

మా దొడ్లోని ప్రతి గొర్రె సాక్షిగా, నా మెడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆ బీట్లో ఏ పొదకింద ఏ పిల్ల ఒంటరిగా పడుకుని కనపడినా, నేను చూడలేదు. నాలుగు కొమ్ములతో ఎదురుగా వచ్చి నన్ను పొడిచినా సరే, చూడలేదు. బతికి ఉన్నంతకాలం వెతుకుతూనే ఉంటాను, చచ్చినా కనిపెట్టను.