ఖాళీ ఆకాశంలో ఆలస్యం

2021 జూన్‌లో నేను దక్షిణాదిలోని ఒక గగనతల నియంత్రణ కేంద్రంలో షిఫ్టు సూపర్‌వైజరుగా ఉన్నాను. పదవీ విరమణకు రెండేళ్లుంది. మహమ్మారి రెండో విడత అప్పుడే తగ్గుముఖం పడుతోంది. జనం ప్రయాణాలు మానుకున్నారు. మామూలు రోజుల్లో మా తెరల మీద చీమలబారుల్లా సాగే విమానాలు ఆ నెలల్లో ఒకటీ అరా కనిపించేవి.

మా పని తెలియనివారికి ఒక మాట చెప్పాలి. విమానాశ్రయంలో ఎత్తైన టవర్‌లో కూర్చునేవాళ్లు వేరు. మాది కిటికీలు లేని చల్లటి గది. ఆకాశాన్ని సెక్టార్లు అనే ముక్కలుగా పంచుకుంటాం. ఒక్కో సెక్టారుకు ఒక కుర్చీ, ఒక తెర, ఒక కంట్రోలరు. పైలట్లకు ఎత్తులూ దారులూ చెబుతూ ఏ రెండు విమానాలూ దగ్గరకు రాకుండా చూడటం కంట్రోలరు పని. రద్దీ తగ్గితే రెండు సెక్టార్లు కలిపి ఒకే కుర్చీకి అప్పగిస్తాం. పెరిగితే విడదీసి రెండో కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతాం. ఆ నిర్ణయం సూపర్‌వైజరుది. ఆ వేసవంతా నేను కలిపే ఉంచాను.

ఆ కలిపిన సెక్టారు కిందనే మా ఆదోని ఉంది. ఢిల్లీ నుంచి బెంగళూరుకు పోయే దారి ఇంచుమించు మా ఊరి మీదుగానే పోతుంది. తెర మీద అటువంటి ఊళ్ల పేర్లుండవు, కానీ ఆ చోటు నాకు తెలుసు. విమానం గుర్తు అక్కడికి చేరేసరికి మా నాన్న పత్తి అంగడి కళ్లముందుకు వచ్చేది. పైకప్పు రేకుల సందులోంచి ఎండ పడేది, ఆ ఎండలో దూదిపోగులు తేలుతుండేవి. చిన్నప్పుడు గంటలకొద్దీ వాటినే చూసేవాణ్ణి. ఆ ఖాళీ నెలల్లో విమానాలు కూడా అట్లాగే, ఎవరూ ఊదకుండానే, నల్లటి తెర మీద మెల్లగా జరిగిపోయేవి. యంత్రాల సన్నటి హోరులో వాటిని చూస్తూ కూర్చుంటే, నేను పనిచేస్తున్నానో కలగంటున్నానో నాకే తెలిసేది కాదు.

మా వృత్తిలో అది ప్రమాదం. తెర మీద కనిపించేది ఇప్పటి ఆకాశం. పది నిమిషాల తరువాతి ఆకాశం కంట్రోలరు తలలో ఉండాలి. మేం దాన్ని పిక్చర్ అంటాం. రోజూ వాడకపోతే అది మసకబారుతుంది. అందుకే సిమ్యులేటరు మీద, అంటే ఉత్తుత్తి విమానాలు నడిచే తెర ముందు, ప్రతి వారం సాధన చేయించమని పైనుంచి ఆదేశం ఉండేది. నేను చేయించలేదు. నేనూ చేయలేదు. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

ఆ రోజు తెల్లవారుజామున షిఫ్టుకు బయల్దేరుతుంటే యేసురత్నం ఫోను చేశాడు. అతను ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఆటో తోలతాడు. నేను ఊరికి వెళ్లినప్పుడల్లా రైల్వే స్టేషను బయట నాకోసం నిలబడేది అతనే. వాళ్ల నాన్న దేవదానం మా అంగట్లో ఏళ్ల తరబడి పత్తి బేళ్లు మోశాడు.

"నాయన రేత్రి పోయినాడన్నా," అన్నాడు.

అతని చెల్లెలు సలోమి కేంద్ర పోలీసు దళంలో కానిస్టేబులు, ఢిల్లీలో ఉంటుంది. హైదరాబాదు విమానం జనం లేక రద్దయిందట. బెంగళూరు విమానంలో సీటు దొరికింది. అక్కడి నుంచి కారులో వస్తే సాయంత్రం ఐదుకల్లా సొంతూరు నందవరం చేరుతుంది. ఆరు దాటితే కర్ఫ్యూ. ఆలోగా సమాధి అయిపోవాలి.

"పాపొచ్చి పిడికెడు మన్నెయ్యల్లని మా యమ్మ కూసోనుంది. ఇమానం లేటు గాకుండ సూడన్నా. నీ సేతిలోనే గదా ఉండేది."

"ఆకాశంలో ఈగ గూడ లేదప్పా. లేటు యాడ్నుంచి వస్తాది? నాదీ పూచీ," అన్నాను.

"అట్లయితే నా ఆటో మాదిరి నువ్వే తోలుకొస్తాండావనుకుంటా," అన్నాడు. ఏడుపు గొంతుతోనే నవ్వబోయాడు.

కంట్రోలు గదిలోకి ఫోన్లు తీసుకుపోకూడదు. నా ఫోను లాకరులో పెట్టి లోపలికి వెళ్లాను. రేటింగు, అంటే విమానాలు చూసే అర్హత, నిలవాలంటే సూపర్‌వైజర్లు కూడా నెలలో కొన్ని గంటలు తెర ముందు కూర్చోవాలి. ఆ ఉదయం కలిపిన సెక్టారులో నేనే కూర్చున్నాను. రాయచూరు వైపు నుంచి ఆదోని మీదికి రాత్రి మిగిల్చిన ఉరుముల మబ్బులు పేరుకున్నాయి. తెర మీద ఎనిమిది విమానాలున్నాయి. ఒకరు ఎడమకు తిరుగుతామంటారు, ఒకరు కుడికి, ఇంకొకరు కిందికి దిగుతామంటారు.

నళిని అనే జూనియరు కంట్రోలరు విశ్రాంతి గదిలోంచి వచ్చి నా వెనక నిలబడింది. కాసేపు చూసి, "సెక్టారు విడదీద్దామా సార్?" అని అడిగింది.

"ఎనిమిదింటికి ఇద్దరా? ఇరవై ఉన్నప్పుడు కూడా నేను ఒక్కణ్ణే చూశానమ్మా. పోయి టీ తాగు," అన్నాను.

ఆమె పోలేదు. పక్కనే ఖాళీగా ఉన్న రెండో కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడింది.

తరువాత జరిగింది నాకిప్పటికీ నీళ్లలోంచి చూసినట్టు గుర్తుంది. ఒకే ఎత్తులో ఉన్న రెండు విమానాలు, మబ్బుల మధ్య ఉన్న ఒకే సందులోకి తిరుగుతున్నాయి. అవి కలిసే చోటు నా తలలో ముందే కనిపించి ఉండాలి. కనిపించలేదు. తెర మీద చూశాకే తెలిసింది. ఒకదాన్ని గట్టిగా పక్కకు తిప్పాను. ఉండాల్సిన దూరం మిగిలింది గానీ, చాలా కొద్దిలో మిగిలింది. విమానాల ప్రవాహాన్ని సర్దే డెస్కుకు గదిలోని లైను మీద ఫోను చేసి, ఉత్తరం నుంచి నా సెక్టారుకు రావాల్సినవాటిని, ఇంకా నేల మీద ఉన్నవాటితో సహా, ఆపమని చెప్పాను.

అవతలి అధికారి ఆపిన విమానాల పేర్లు చదివాడు. అందులో సలోమి విమానం ఉంది.

భయపడ్డ కంట్రోలరు విమానాలను ఆపడం తప్పు కాదు. అది నియమమే. నా తప్పు ఆ తరువాతి అరగంటలో ఉంది. ఆ పేరు విన్న క్షణంలో నళిని వైపు తిరిగి "కూర్చో" అని ఉంటే, ఐదు నిమిషాల్లో ఆ ఆపు ఎత్తేయగలిగేవాణ్ణి. ఎనిమిది విమానాలు నాకు ఎక్కువయ్యాయని ఆ గదిలో అందరికీ తెలిసిపోతుందని నోరు కదలలేదు. చివరికి ఆమే అడగకుండా హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంది. సగం ఆకాశం ఆమెకిచ్చాను. ఆపు ఎత్తేశాను.

కానీ ఆలోగా ఢిల్లీలో ఆ విమానం బయల్దేరే వంతు పోగొట్టుకుంది. ప్రయాణాలు తగ్గాయని అక్కడ కూడా మనుషులను తగ్గించారు. విమానాన్ని వెనక్కి నెట్టే బండి ఒక్కటే ఉంటే అది ఇంకో విమానం దగ్గరికి పోయింది. రద్దీ రోజుల్లో అరగంటతో పోయే ఆలస్యం, ఖాళీ రోజుల్లో రెండు గంటలయింది.

విరామంలో బయటికి వచ్చి యేసురత్నానికి ఫోను చేశాను. "పైన రద్దీగా ఉందప్పా. రెండు గంటలు లేటు," అన్నాను.

"ఏడవుతాది అయితే," అన్నాడు. "పెద్దోళ్లు ఇంక నిలపద్దంటాండారన్నా. ఎండగూడ ఎక్కువుంది. మద్యానమే కానిస్తాం."

మళ్లీ వచ్చి కూర్చునేసరికి మబ్బులు విడిపోయాయి. మధ్యాహ్నం వేళ సలోమి విమానం గుర్తు ఉత్తరాన తెర అంచున కనిపించింది. అంత చిన్న వెలుగు అంత నిదానంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. అది నందవరం మీదికి వచ్చింది, ఆదోని పక్కగా దిగువకు తేలిపోయింది. కింద ఆ సమయానికి ఏం జరుగుతోందో నాకు తెలుసు. ఆమెకు తెలియదు. పైలట్ "నమస్కారం" అని పలకరించాడు. నేనూ అన్నాను.

మూడు వారాలకు సెలవు పెట్టి ఊరికి పోయాను. యేసురత్నమే ఆటోలో నందవరం తీసుకుపోయాడు. సలోమి ఇంటి ముందర అరుగు మీద కూర్చుని ఉంది.

"టమేటా సీజన్లో పత్తికొండ మార్కెట్టు కాడ ట్రాక్టర్లు అడ్డం నిలబడుంటాయి సూడు పాపా, పైన గూడ అట్లే ఉండెనంట," అన్నాడు యేసురత్నం, నన్ను వెనకేసుకొస్తూ.

ఆమె నవ్వలేదు. "మా ఇమానం ముందర ఎన్నుండె సార్?" అని అడిగింది.

"ఎనిమిది."

"ఎనిమిదేనా?"

"రద్దీ లేదమ్మా. మీ అన్నకు అబద్ధం చెప్పినా. నాకు చేతగాక ఆపినా."

"మాకు సెంట్రీ కాడ జోడీ ఉంటారు సార్. మీకు జోడీ ఎవురూ లేకుండెనా?"

"ఉండె. కూసుంటానని అడిగె గూడ. నేనే వద్దంటి."

ఆమె లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను.

తిరుగు దారిలోనూ యేసురత్నమే ఆటో తోలాడు. ఎప్పుడూ ఆదోనిలో మా ఇంటి గడప దాకా దింపేవాడు, ఆ రోజు ఎమ్మిగనూరు బస్టాండు ముందర ఆపాడు. "ఈడ్నుంచి బస్సులుంటాయి సార్," అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నన్ను అన్నా అని పిలిచినవాడు.

సామర్థ్యం అంటే ఒక సెక్టారులో పట్టే విమానాల లెక్క అని నాకు శిక్షణలో నేర్పారు. ఆ లెక్క నిండు ఆకాశం ఉన్న రోజులది. విమానాలు తగ్గితే, వాటిని నడిపించే మనిషిలోనూ ఏదో తగ్గుతుంది. అది ఏ తెర మీదా కనిపించదు, కుర్చీలో కూర్చున్నవాడే నోరు తెరిచి చెప్పాలి. మిగిలిన రెండేళ్లూ నేను సిమ్యులేటరు సాధన ఒక్క వారం కూడా తప్పించలేదు. విడదీద్దామా అని ఎవరు అడిగినా, తెర మీద ఎన్నున్నాయో చూడకుండానే విడదీశాను.