నడిమిట్లోడు కొండెక్కాలె

కోరుట్లలో మా ఇంటి వరండాలో కూర్చొని నా భార్య రాధ చింతపండు గింజలు తీస్తోంది. ఒక్కో గింజా స్టీలు తాంబాళంలో టక్కుమని పడుతోంది. ఆ చప్పుడు వింటే నా ఎడమచేయి తనంతట తానే ముడుచుకుంటుంది, మూడు పేకముక్కలు పట్టుకున్నట్టు. ఏళ్ళ కిందట జగిత్యాల ఆఫీసులో ఒక ఆదివారం మధ్యాహ్నం నా చేతిలో రెండు రాజులు, ఒక నాలుగు ఉన్నాయి. ముందుగా మాట్లాడాల్సింది, అంటే పందెం పెట్టాల్సింది, నేనే. ముక్కలు పంచిన భూమన్న సార్ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "ఏమయ్యా కోరుట్లా, ముక్కలకు దండం పెడుతున్నవా? ఏస్తవా, లేస్తవా?" అన్నారు. నేను ఒకే ఒక్క చింతగింజ ముందుకు జరిపాను.

ఆ గింజ విలువ తెలియాలంటే సార్ గురించి చెప్పాలి. జగిత్యాలలో మా పత్రిక ఆఫీసుకు ఆయన ఇన్‌చార్జి, నేను కోరుట్ల విలేకరిని. ఇబ్రహీంపట్నం మనిషి. వయసులో ఉండగా మస్కట్ వెళ్ళి, ఒక క్యాంపులో సామాను గది చూసుకుంటూ, తోటి ఫిలిప్పీన్స్ వాళ్ళ దగ్గర హై-లో పోకర్ నేర్చుకొని వచ్చారు. "అందరు బంగారం తెచ్చిండ్రు, నేను గీ ఆట తెచ్చిన" అనేవారు. దాన్ని మా కోసం మూడు ముక్కలకు కుదించి 'మీద-కింద' అని పేరు పెట్టారు. అందరికంటే పెద్ద ముక్కలున్నవాడికి సగం గింజలు, అందరికంటే చిన్న ముక్కలున్నవాడికి మిగతా సగం. మధ్యలో పడినవాడికి ఏమీ రాదు. పైసలు మాత్రం పెట్టనిచ్చేవారు కాదు. "పైసలు కనవడ్డయంటె మన ఫొటో మన పేపర్లనే వస్తది."

ఎవరూ కోరుకోని డ్యూటీలకు ఆ ఆటే దిక్కు. హనుమాన్ జయంతికి కొండగట్టు మీద ఎండ, మాల వేసుకున్న భక్తుల రద్దీ, చెప్పులు పోవడం, ఫోను అందకపోవడం అన్నీ ఒక్కడే భరించాలి. ఎవరి గింజలు ముందు అయిపోతే వాడే వెళ్ళాలి. సార్ కూడా మాతో సమానంగా ఆడేవారు.

మొదట్లో నేను ఓడని వారం లేదు. ఒకసారి రాణుల జోడీ పడింది. ముందు మాట నాదే. సంబరంగా గుప్పెడు గింజలు కుమ్మరించాను. చిన్నా చితకా ముక్కలతో సార్ లేచిపోయారు. మెట్‌పల్లి విలేకరి లక్ష్మణ్ దగ్గర జోడీని కొట్టే ఒకే రంగు ముక్కలు మూడు, ఫొటోగ్రాఫర్ రఫీక్ దగ్గర అన్నిటికంటే చిన్న ముక్కలు. నేను మధ్యలో పడ్డాను.

"మంచి ముక్కలే," అన్నారు సార్. "కని నీ తర్వాత ముగ్గురు మాట్లాడుతరు. ముందుగాలనే గట్ల లొల్లి చేస్తె నీకంటె తక్కువోడు పారిపోతడు, నీకంటె ఎక్కువోడే కూసుంటడు. మొదలు మాట్లాడేటోడు మెల్లగ మాట్లాడాలె."

"బడాయి జరంత తగ్గియ్యాలె అన్నా," అని రఫీక్ నా గింజలను తన వైపు లాక్కున్నాడు.

ఈ పాఠం వార్తల్లోనూ నడిచింది. ఒక ఊళ్ళో కొత్త కల్వర్టు తొలి వానకే కుంగింది. ఫొటో దొరికింది, ఊరివాళ్ళ మాటలు దొరికాయి. నేను పెద్ద కథనం రాసుకొచ్చాను. సార్ చదివి, "గిది రాణుల జోడీ. అవతలోళ్ళ చేతిల ఏమున్నదో నీకెర్కనా?" అన్నారు.

"తెల్వది సార్."

"మరి? కుంగిందని నాలుగు లైన్లు ఎయ్యి. ఎవలు గుస్స అయితరో చూద్దాం."

మర్నాడు చాయ్ తాగకముందే కాంట్రాక్టర్ ఫోను. "ఇసుక గురించి రాసినోడెవడు?" మేము ఇసుక మాటే రాయలేదు. అసలు కథనం అక్కడి నుంచి మొదలైంది.

ఒక ఏడు హనుమాన్ జయంతి రోజే సిరిసిల్లలో నా బిడ్డ తొట్టెల పడింది. ఊయలలో వేసి పేరు పెట్టే రోజు అది. అత్తమ్మ ఫోనులో, "నువ్వు రాకుంటె తొట్టెల ఆపుతమా అల్లుడా? ఫొటోల సూసుకో!" అంది. సార్‌ను బతిమాలాను. "ఆట ఆటనే. నీకు ఇడిస్తె రేపు రఫీక్ మరదలి షాదీ అంటడు," అని ఆయన ముక్కలు కలిపారు.

అలా నా చేతికొచ్చినవే ఆ రెండు రాజులు. అప్పటికి సార్ దగ్గరా నా దగ్గరా గుప్పెడేసి గింజలే మిగిలాయి. నేను ఒక్క గింజ పెట్టాక రఫీక్ రెండు పెట్టాడు. లక్ష్మణ్ "నాకు గింజలే ముద్దు" అని ముక్కలు పడేశాడు. చివరగా సార్ తనకున్నవన్నీ తోసేశారు. రఫీక్ చిన్న ముక్కలవాడే, వాడి కళ్ళే చెబుతున్నాయి. సార్ ముక్కలు నా రాజులకు మీదైతే నేను మధ్యలో పడతాను, కొండ నాదే. ఊయల కళ్ళ ముందు కదిలింది. ఉన్నవన్నీ నేనూ తోశాను.

రఫీక్ సరిపడా గింజలు కలిపి రెండు, మూడు, ఐదు పరిచాడు. నేను రాజులను పరిచాను. సార్ తన ముక్కలను ఒకసారి చూసుకొని, బోర్లగానే కట్టలో దూర్చి కలిపేశారు. "పోయింది. స్వామి పిలిచిండు, ఏంజేస్త?"

ఆయన తలకు తువ్వాల చుట్టుకొని కొండెక్కారు. తిరిగొచ్చింది ఒక్క చెప్పుతోనే. నేను సిరిసిల్లలో నా బిడ్డకు మైథిలి అని పేరు పెట్టి ఊయల ఊపాను.

ఎక్కడైనా ముందు మాట నాదైతే ఇప్పటికీ ఒక్క గింజే పెడతాను. కలెక్టర్ ముందైనా, పిల్ల బడిలోనైనా. అయితే ఒక్క గింజ పెట్టానంటే నా చేతిలో మంచి ముక్కలున్నట్టే. అది నేర్పింది సారే, చివర మాట్లాడిందీ సారే. నిజంగా తక్కువ ముక్కలే అయితే, అది తెలిసీ అన్నీ ఎందుకు తోసినట్టు? అడిగితే ఒకసారి "నా ముక్కల్ల పదే పెద్దది" అన్నారు, ఇంకోసారి "యాదికి లేదు" అన్నారు.

రిటైరయ్యాక సార్ ఇబ్రహీంపట్నంలో పసుపు పండిస్తున్నారు. మొన్న అక్కడికి వెళ్ళినప్పుడు మైథిలే అడిగింది. "తాతా, నిజం చెప్పు. ఆ రోజు నీ చేతిల ఏముండె?"

"పసుపు ఉడుకుతాంది, దూరం నిలవడు బిడ్డా," అని ఆయన కొప్పెర వైపు తిరిగారు.

ఆ మూడు ముక్కలు ఏమిటో ఇప్పటికీ ఆయన ఒక్కరికే తెలుసు.